నది కలిసేచోటి ఉప్పు

పిస్కాటవేలో ఆ ఇల్లు కొనేటప్పుడు పర్సిస్ చూసినవి రెండే: వంటగది ఎంత పెద్దది, చర్చి ఎంత దూరం. రెండూ కుదిరాయి. ఆమె భర్త షాలేం రాజు చూసింది ఒక్కటే, ట్రైన్ స్టేషన్. రోజూ జెర్సీ సిటీ ఆఫీసుకి పోయి వచ్చే మనిషికి అంతకన్నా ఏం కావాలి? ఆ ఇంట్లో అంతకుముందు ఎవరుండేవారు, ఏం వండుకునేవారు, ఎవర్ని తలుచుకుని ఏడ్చేవారు అన్నది ఇల్లు కొనేవాళ్ళు అడిగే ప్రశ్న కాదు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఆ గడి ఉండదు.

కానీ అమ్మినావిడ చెప్పింది. వచ్చిన చిక్కల్లా అదే. చెప్పలేదని అనడానికి వీల్లేకుండా చెప్పింది. సంతకాలన్నీ అయ్యాక లాయరు కాయితాలు సర్దుకుంటుంటే, ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వచ్చి పర్సిస్ చెయ్యి పట్టుకుంది. పేరు మెయ్ లిన్. వాళ్ళది చైనాలో ఫుజియాన్ అనే కోస్తా రాష్ట్రం. యాభై దాటి ఉంటాయి, ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. అక్కడికి గంట దూరంలో చిన్న టేకౌట్ హోటల్ నడుపుతుంది. వాళ్ళ నాన్న ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళుండి పోయినేడు చనిపోయాడు.

"వంటగదిలో చిన్న తలుపు ఉంది. ఎర్ర కాయితం అంటించాను. అది తెరవొద్దు. మంచి రోజు చూసుకుని నేనే వచ్చి తీసుకెళ్తాను. ప్లీజ్," అంది తన ముక్కల ఇంగ్లీషులో.

పర్సిస్ తలూపింది. మనవాళ్ళ తలూపుడు తెలిసిందే కదా! విన్నామన్నా, వినలేదన్నా, సరేనన్నా, చూద్దామన్నా ఒకటే ఊపు.

అక్టోబరు మొదటి శనివారం గృహప్రతిష్ఠ పెట్టుకున్నారు. షాలేం రాజు తెలుగు చర్చిలో ఎల్డరు, అంటే సంఘపెద్ద. పైగా అరవయ్యేళ్ళకి కొన్న సొంత ఇల్లు. నలభైమందిని పిలిచారు. ఆ సంఘంలో ఆనవాయితీ ఏమిటంటే, పాస్టర్ గారు ఆలివ్ నూనె పట్టుకుని గుమ్మం గుమ్మానికీ రాస్తూ ప్రార్థన చేస్తారు. ఆ వేళకి ఇంట్లో మూసిన తలుపు ఒక్కటీ ఉండకూడదు. "క్లాజెట్లు, కబోర్డులు, గరాజ్, అన్నీ తెరిచి పెట్టండమ్మా," అని పాస్టర్ దైవాశీర్వాదం గారు ముందురోజే ఫోన్ చేసి గుర్తుచేశారు. ప్రార్థనకి తలుపు అడ్డమా అని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

శనివారం పొద్దున షాలేం రాజు బిర్యానీ ట్రేలు తేవడానికి వెళ్ళాడు. పర్సిస్ అన్ని తలుపులూ తెరుచుకుంటూ వచ్చి వంటగదిలో చిన్న తలుపు దగ్గర ఆగింది. ఎర్ర కాయితం కనబడింది. మెయ్ మాట గుర్తు రాలేదని ఆమె తర్వాత తనకి తానే చెప్పుకుంది కానీ, గుర్తొచ్చింది. గుర్తొచ్చే, కూరల కత్తితో కాయితం గీకింది.

లోపల మూరెడు వెడల్పు చెక్క అర. దాని మీద నిలబెట్టిన నల్లటి చెక్కముక్క, నిలువుగా మూడు చైనా అక్షరాలు. ముందు బూడిద నిండిన కప్పు, ఎండిపోయిన నారింజ, వెలుగుతున్న చిన్న ఎర్ర బల్బు.

పర్సిస్‌కి ముందు గుర్తొచ్చింది దేవుడు కాదు, వాళ్ళ చర్చిలోని జ్ఞానప్రసూన గారు. ఎల్డరు గారి వంటింట్లో విగ్రహం ఉందన్న మాట ఆవిడ నోట పడితే, ఆదివారం మధ్యాహ్నానికల్లా ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగు చర్చిలన్నిటికీ చేరుతుంది. పర్సిస్ బల్బు పీకేసింది. చెక్కని, కప్పుని నల్ల గార్బేజ్ సంచిలో కుక్కి, చికెన్ తోలు, ఉల్లిపొట్టు పైన పోసి మూతి కట్టేసింది. చెక్క చేతికి తడిగా తగిలింది. ఎక్కడి తడో ఆలోచించే తీరిక లేక చేతులు కడుక్కుంది. ఎందుకో రెండోసారి కూడా కడుక్కుంది.

మధ్యాహ్నం పాస్టర్ గారు ఆ ఖాళీ అరకి కూడా నూనె రాశారు. జ్ఞానప్రసూన గారు లోపలికి తొంగి చూసి, "మసాలా డబ్బాలకి భలే సరిపోద్ది పర్సిస్సూ!" అని మెచ్చుకున్నారు. మంగళవారం పొద్దున చెత్త లారీ వచ్చింది, సంచి వెళ్ళిపోయింది. పర్సిస్ భర్తకి చెప్పలేదు.

నవంబరు మొదటి ఆదివారం, అక్కడ ఏటా చేసినట్టే, చలికాలానికి గడియారాలు గంట వెనక్కి తిప్పారు. సాయంత్రం నాలుగున్నరకే ఇంట్లో మసక. పర్సిస్ ఒక మందుల కంపెనీ లాబ్‌లో పొద్దున ఆరు నుంచి రెండున్నర దాకా పనిచేసి, మూడింటికి ఇంటికి వస్తుంది. షాలేం రాజు వచ్చేసరికి ఆరున్నర. మధ్యలో మూడున్నర గంటలు ఇల్లూ, ఆమే. కూతురు ఫెబీ దూరంగా ఆష్‌బర్న్‌లో కాపురం పెట్టినప్పటి నుంచీ అంతే.

ఆ సోమవారం ఆమె సింకు దగ్గర నిలబడి బియ్యం కడుగుతోంది. వెనక నుంచి ఒక వాసన వచ్చింది. ఉప్పు బురద వాసన. తిరిగి చూస్తే నేల మీద నీళ్ళు. చిన్న తలుపు కింద మొదలై, అరచేతంత మడుగులు, ఒకదాని తర్వాత ఒకటి, ఆమె వైపుకి నాలుగైదు ఉన్నాయి. ఆమె గుడ్డ తెచ్చి తుడిచింది. మర్నాడు అదే వేళకి మళ్ళీ వచ్చాయి. ఈసారి ఒకటి ఎక్కువ.

"డిష్‌వాషర్ గ్యాస్కెట్ పోయుంటది," అన్నాడు షాలేం రాజు. ప్లంబర్‌ని బుక్ చేశాడు. ప్లంబర్ డిష్‌వాషర్ ఊడదీశాడు, సింకు కింద దూరాడు, చివరికి ఎక్కడా చుక్క నీరు లేదని తేల్చాడు. ఆయన ఉన్నంతసేపూ నేల పొడిగానే ఉంది. ఆయన వాన్ సందు మలుపు తిరగ్గానే మడుగులు వచ్చాయి. చివరిది ఆమె కాలికి బారెడు దూరంలో ఆగింది.

వేరే ఎవరైనా అయితే ఇల్లు వదిలి పరిగెత్తేవాళ్ళు. పర్సిస్ ఇరవై రెండేళ్ళుగా లాబ్‌లో పనిచేస్తోంది. భయమేసినా ముందు సాంపిల్ తీస్తుంది. డ్రాపర్‌తో ఆ నీళ్ళు చిన్న సీసాలోకి ఎక్కించి, మర్నాడు లంచ్ టైమ్‌లో ఎవరూ చూడకుండా పరీక్షించింది. సిల్వర్ నైట్రేట్ చుక్క వేయగానే తెల్లగా విరిగింది. లెక్క కడితే లీటరుకి ఇరవై నాలుగు గ్రాముల ఉప్పు. కుళాయి నీళ్ళు కావు. సముద్రమూ కాదు; జెర్సీ తీరంలో సముద్రం ముప్పై దాటుతుంది. ఇది నది సముద్రంలో కలిసేచోటి నీరు. ఇరవై రెండేళ్ళలో ఆమె లాగ్‌బుక్‌లో రాయని పరీక్ష అదొక్కటే.

అలాంటి నీళ్ళు ఆమెకి తెలుసు. ఆమె పుట్టింది నాగాయలంక దాటాక, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న పల్లెలో. డెబ్భై ఏడు నవంబరు పంతొమ్మిదిన ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకి తొమ్మిదేళ్ళు, తమ్ముడు సైలస్‌కి నాలుగు. ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. పర్సిస్ తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. ముల్లు దిగిన మచ్చ కుడి అరచేతిలో ఇంకా ఉంది. సైలస్ దొరకలేదు, ప్రాణంతోనూ, శవంగానూ. "నేను చూసేసరికే తమ్ముడు లేడమ్మా," అని ఆమె తల్లికి చెప్పింది. తర్వాత భర్తకీ, కూతురికీ, చర్చిలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా సంఘానికీ ఆ మాటే చెప్పింది. ఆ మాట నిజం కాదు. అది ఆమెకొక్కదానికే తెలుసు.

తల్లి మాత్రం ఆ మాటనే పట్టుకుని బతికింది. "నువ్వు చూళ్ళేదుగా, అయితే ఎవరో తీసుకెళ్ళి పెంచుకుంటున్నారు," అనేది. జ్ఞాపకార్థ కూడిక పెట్టనివ్వలేదు. సమాధుల తోటలో సిలువ నాటనివ్వలేదు. ప్రార్థనలో అందరూ చచ్చిపోయినవాళ్ళ పేర్లు చదువుతుంటే సైలస్ పేరు దగ్గర లేచి వెళ్ళిపోయేది. ముప్పై ఒక్కేళ్ళు అలా ఎదురుచూసి పోయింది.

పన్నెండో తారీకు మంగళవారం, మెయ్ వచ్చింది. వాళ్ళ హోటలుకి మంగళవారం సెలవు. చేతిలో ఎర్ర గుడ్డ, నారింజలు, అగరొత్తుల కట్ట. ముఖంలో సంతోషం. "ఇవాళ మంచి రోజు, పుస్తకంలో చూశాను," అంటూ చెప్పులు విప్పి నేరుగా వంటగదిలోకి నడిచింది. చిన్న తలుపు తెరిచింది. లోపల పసుపు, ధనియాల పొడి, గరం మసాలా డబ్బాలు వరసగా ఉన్నాయి.

పర్సిస్ నోట్లోంచి మాట తడుముకోకుండా వచ్చింది. "మేం తెరిచేసరికే ఖాళీగా ఉంది. క్లీనింగ్ వాళ్ళు తీసేశారేమో."

యాభై ఆరేళ్ళొచ్చినా అబద్ధం అదే రూపంలో వచ్చింది: నేను చూసేసరికే లేదు.

మెయ్ అరవలేదు. అదే పర్సిస్‌కి ఎక్కువ కష్టమనిపించింది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఎర్ర గుడ్డని ఒళ్ళో పెట్టుకుని మడతలు సవరించింది.

"లోపల ఏముండేది? మీ తాతగారి ఫోటోనా?" అని అడిగింది పర్సిస్, ఏదో ఒకటి అనాలి గనక.

"ఫోటో కాదు, చిన్న చెక్క. మా తాతది కాదు. ఆయనెవరో, ఆయన పేరేంటో ఎవరికీ తెలియదు. మంచి సోదరుడు అని రాసి ఉంటుంది, అంతే," అంది మెయ్.

అప్పుడు చెప్పింది. మధ్యలో మాటలు దొరక్క ఆగుతూ, చేతులతో చూపిస్తూ చెప్పింది. వాళ్ళ వూరు మిన్ అనే నది సముద్రంలో కలిసేచోట ఉంది. ఫుజియాన్ అంతా అలాంటిదే: వెనక కొండలు, ముందు సముద్రం, మధ్యలో వరి వేసుకోవడానికి గుప్పెడు నేల. కొండల మీద తేయాకు పండుతుంది. నేల చాలనివాళ్ళు చేపలకి పోయారు, చేపలు చాలనివాళ్ళు దేశాలు పోయారు. న్యూయార్క్‌లో చైనావాళ్ళ బస్సులు ఆగే వంతెన కింద బస్సెక్కి ఏ మారుమూల దిగినా ఫుజియాన్ వాడి టేకౌట్ ఒకటి ఉంటుంది. ఆ నూనె డబ్బుతో వూళ్ళో ఐదేసి అంతస్తుల ఇళ్ళు కట్టారు. గేట్లకి రాతి సింహాలు. లోపల ఎవరూ ఉండరు. కట్టినవాళ్ళు ఇక్కడ బియ్యం బస్తాల పక్కన పడుకుంటారు.

"మా తాతకి అవేవీ లేవు. పడవ ఒక్కటే," అంది మెయ్. "మా పడవలకి కళ్ళుంటాయి, ముందు వైపు, పెయింట్ వేస్తారు. ఒకరోజు వలకి మనిషి తగిలాడు. చచ్చిపోయిన మనిషి. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, సముద్రంలో మనిషి కనబడితే వదిలి రాకూడదు. పడవ కళ్ళకి ఎర్ర గుడ్డ కట్టి, 'నిన్ను ఒడ్డుకి తీసుకెళ్తాను, రా' అని పిలిచి ఎక్కించుకోవాలి. బాగా పొడుగు మనిషి. తాత భుజాన వేసుకుంటే ఆయన కాళ్ళు ఇసుకలో గీసుకుపోయాయట. సముద్రం కనబడేలా కొండ మీద పాతిపెట్టాడు. ఎవరి బిడ్డో మనకి తెలియదు, కానీ అక్కడ ఒక తల్లి అన్నం పెట్టుకుని కూర్చుని ఉంటుంది, ఆ అన్నం మనం పెట్టాలి అన్నాడు. పడవ చెక్కలో ముక్క కోసి అది చేశాడు. మా నాన్న ఇక్కడికి వస్తూ సూట్‌కేసులో బట్టలు తగ్గించి దాన్ని తెచ్చాడు. ముప్పై ఏళ్ళు రోజూ అన్నం పెట్టాడు."

అక్కడ ఒక తల్లి అన్నం పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ తల్లిని పర్సిస్ తన ఇంట్లోనే చూసింది.

మెయ్ లేచింది. "చెక్క పోతే పోయింది. కొత్తది చేయించొచ్చు. కానీ ఆయన్ని పిలవాలి. ఎక్కడ పోయిందో తెలిస్తే అక్కడి నుంచి పిలుస్తాను. తెలియకపోతే ఎటు తిరిగి పిలవను? వచ్చే మంగళవారం కూడా మంచి రోజే. క్లీనింగ్ వాళ్ళని అడిగి పెట్టండి. ప్లీజ్." నారింజలు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆమె కారు కదలగానే నేల మీద నీళ్ళు వచ్చాయి. పర్సిస్ ఈసారి కాస్త ధైర్యంగానే చూసింది. అయితే ఇవి వాళ్ళ నదివి, వాళ్ళ మనిషివి. తను గెంటేసిన మనిషి దారి వెతుక్కుంటున్నాడు. పాపం అనిపించింది, భయమూ వేసింది. ఆ రెంటి అడుగున, ఇది తనది కాదన్న చిన్న ఊరట కూడా ఉంది. ఆ ఊరటకి ఆమె సిగ్గుపడింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర షాలేం రాజుకి చెప్పింది. నీళ్ళ సంగతి కాదు, చెక్క సంగతి, మెయ్ వచ్చి అడిగిన సంగతి.

"చెప్పకు. ఏం చెప్పక్కర్లా," అన్నాడాయన. "క్లోజింగ్ సంతకాలు అయినాక ఇంట్లో ఉన్నదంతా లీగల్‌గా మనదే. పైగా అది విగ్రహం. నువ్వు చేసింది కరెక్టే పర్సీ."

"విగ్రహం కాదండీ. ఎవరో చచ్చిపోయినతను. దిక్కులేనతను."

"ఇంకా బెటర్. దిక్కులేనోడికి అడ్రస్ మనమెందుకివ్వటం?" అని నవ్వి, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మంచివాడే. తన నవ్వుతో ఎదుటివాళ్ళ బరువు కూడా తేలిపోతుందనుకునే రకం.

పర్సిస్ బుధవారం టౌన్‌షిప్ ఆఫీసుకి ఫోన్ చేసింది. మీ వీధి చెత్త ముందు ఒక షెడ్డుకి, అక్కడి నుంచి పక్క కౌంటీలో పాతిపెట్టే చోటికి పోతుందని, అక్టోబరులో పోయింది ఈపాటికి ముప్పై అడుగుల కింద ఉంటుందని ఎవరో నవ్వుతూ చెప్పారు. గురువారం, శుక్రవారం ఆమె నీళ్ళు తుడవలేదు. ఆవలి వారం మొదటికి మడుగులు ఆమె మడమల దాకా వచ్చి ఆగుతున్నాయి. బియ్యం కడుగుతూ వెనక్కి తిరగకుండా నిలబడేది. వెనక ఎవరో ఊపిరి బిగబట్టి, తను తిరిగి చూస్తే బాగుండునని చూస్తున్నట్టుండేది.

పంతొమ్మిదో తారీకు కూడా మంగళవారమే. ఆ రోజు ఆమె ఏటా సెలవు పెడుతుంది, ఎందుకో ఎవరికీ చెప్పదు. మెయ్ నాలుగు గంటలకి వచ్చింది. ఎర్ర స్వెటర్ వేసుకుంది.

"మా వూరి గుడిలో సముద్రపు అమ్మవారి రంగు ఇది," అంది కూర్చుంటూ. "చేపలవాళ్ళ అమ్మాయి, నాలాగే లిన్‌ల ఇంటి పిల్ల. ఒకరోజు మగ్గం మీద నేస్తూ అలాగే కళ్ళు మూసుకుంది. ఒళ్ళు ఇంట్లో ఉంది, ప్రాణం సముద్రంలో ఉంది. అక్కడ తుఫానులో అన్నదమ్ములు మునిగిపోతుంటే చేతులతో పట్టుకుని ఈదుతోంది. ఇక్కడ వాళ్ళమ్మ, పిల్లకి ఏమైందోనని భయపడి కుదిపి పిలిచింది. పిల్ల పలికింది. పలికేసరికి పట్టు జారింది. ఒకడు పోయాడు."

"అంటే... వదిలేసిందా?"

"వదిలేసింది."

"మరి ఆవిడకి గుడి ఎందుకు కట్టారు?" అని అడిగింది పర్సిస్.

మెయ్ ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "అందుకే కట్టారు. ఒకసారి జారిన చెయ్యి ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఇంకెవరినీ వదలదు."

పర్సిస్ సింకు అంచు పట్టుకుంది.

"క్లీనింగ్ వాళ్ళు కాదు. నేను," అంది. "నేనే తీశాను. మీరు తెరవొద్దన్నది గుర్తుంది. గుర్తుండే తెరిచాను. మా చర్చి వాళ్ళు చూస్తే ఏమంటారోనని చెత్త సంచిలో వేసి, పైన కోడి తోలు పోశాను. మంగళవారం లారీ పట్టుకెళ్ళింది."

మెయ్ ముఖం ఎర్రబడింది. "చెత్తలో," అంది. "కోడి తోలు కింద." తర్వాత తన భాషలో చాలా మాటలు అంది. అవి తిట్లేనని అర్థం కావడానికి భాష తెలియనక్కర్లేదు. "మా నాన్న ఆస్పత్రిలో కూడా అడిగాడు, ఆయన తిన్నాడా అని! చచ్చిపోయే రోజు!"

పర్సిస్ మాటలు పడింది. పడాల్సిన తిట్లే. కానీ ఒక నిజం బయటికి వచ్చాక రెండోదాన్ని ఆపడం ఆమె వల్ల కాలేదు.

"నాకో తమ్ముడుండేవాడు," అంది. "నేను చూసేసరికే లేడని అందరికీ చెప్పాను. అబద్ధం. వాడు నా చేతిలోనే ఉన్నాడు. ఈ ఎడం చేతిలో. కుడి చేత్తో ముళ్ళచెట్టు పట్టుకున్నాను. ఒక్క చేత్తో ఆగలేకపోయాను. రెండో చెయ్యి కావలసి వచ్చింది. నేనే వేళ్ళు విప్పాను. వాడు అక్కా అన్నాడు. వాడు మునగడం చూశాను. చూడలేదని అమ్మకి చెప్పాను. అమ్మ ముప్పై ఒక్కేళ్ళు వాడు బతికే ఉన్నాడని కూర్చుంది. నేను కూర్చోబెట్టాను."

మెయ్ కళ్ళు తుడుచుకుంది, తన కోసమో ఆమె కోసమో.

"నేను మిమ్మల్ని క్షమించలేదు," అంది చివరికి. "తర్వాత చూద్దాం. లారీ ఎటు పోయింది?"

పర్సిస్ కిటికీలోంచి వీధి చివర చూపించింది, పక్క కౌంటీ పేరు, ఆ పాతిపెట్టే చోటు చెప్పింది. మెయ్ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. మసాలా డబ్బాలు ఒక్కొక్కటీ పక్కన పెట్టి, ఆ మూరెడు అర చెక్కని ఊడదీసింది. "ముప్పై ఏళ్ళు దీని మీద నిలబడ్డాడు. కొత్తది దీంతోనే చేయిస్తాను." చెక్కని ఎర్ర గుడ్డలో చుట్టి చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, పెరట్లోకి వెళ్ళి లారీ పోయిన దిక్కుకి తిరిగి పిలిచింది. గట్టిగా, వూళ్ళో పొలం అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు, మూడుసార్లు. పక్కింటి కుక్క మొరిగి ఆగిపోయింది.

కారెక్కే ముందు మెయ్ వెనక్కి తిరిగింది. "మీ తమ్ముణ్ణి ఎవరైనా పిలిచారా?"

"లేదు. అమ్మ ఒప్పుకోలేదు."

"మీరు?"

పర్సిస్ తన ఎడం చేతి వైపు చూసుకుంది. మెయ్ జవాబు కోసం ఆగలేదు. ఎర్ర గుడ్డ మూటని పక్క సీట్లో పెట్టి, బెల్టు పెట్టి, వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేల మీద నీళ్ళు రాలేదు. పర్సిస్ చాలా ఏళ్ళ తర్వాత కలలేని నిద్ర పోయింది.

బుధవారం లాబ్ నుంచి వస్తూ ఆమె చేపలు కొనుక్కుంది. ఇల్లు తేలికగా అనిపించింది. ఆయన వెళ్ళిపోయాడు, పిలిస్తే వెళ్ళిపోయాడు, వాళ్ళ నదికి వాళ్ళ మనిషి. చింతపండు నానబెట్టి, బియ్యం కడగడానికి సింకు దగ్గర నిలబడింది. బయట మసక పడుతోంది. గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

ఉప్పు బురద వాసన వచ్చింది.

ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది. ఈసారి వెనక్కి తిరిగి చూసింది. చిన్న తలుపు తెరిచే ఉంది, లోపల అర లేదు, ఏమీ లేదు. కింద నుంచి ఆమె మడమల దాకా మడుగులు ఉన్నాయి. ఇన్నాళ్ళూ గబగబా తుడవడమో, వెనక్కి తిరగకుండా నిలబడడమో తప్ప వాటి ఆకారం పరికించి చూడలేదు. ఇప్పుడు వంగింది. అరచేతంత ఉన్నాయి. ముందు వైపు ఐదు చిన్న చుక్కలు, వరసగా. మెయ్ వాళ్ళ మనిషి తాత కన్నా పొడుగు. కాళ్ళు ఇసుకలో గీసుకుపోయాయి. ఇవి ఆయన పాదాలు కావు.

కృష్ణ కూడా సముద్రంలో కలుస్తుంది. నవంబరులో అక్కడ నీళ్ళు లీటరుకి ఎంత ఉప్పో ఆమెకి ఏ మీటరూ చెప్పనక్కర్లేదు. నోట్లో, ముక్కులో, కళ్ళలో నిండిన నీళ్ళు అవి. మంచి రోజు చూసుకుని మెయ్ తన మనిషిని పిలుచుకుపోయింది. మిగిలినవాడిని పిలవాల్సింది ఎవరు?

పర్సిస్ గుడ్డ కోసం చూడలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చోబోయి, మళ్ళీ నిలబడింది. కూర్చుంటే ఎత్తు సరిపోదు. ఎడం చెయ్యి కిందికి దించి, నాలుగేళ్ళ పిల్లాడికి అందేంత దగ్గర ఆపి, వేళ్ళు విప్పింది.

"సైలస్," అంది. నలభై ఏడేళ్ళుగా గట్టిగా అనని పేరు. "రా నాన్నా. అక్కని. అమ్మ లేదు, నేనే ఉన్నాను. రా."

మొదట ఏమీ జరగలేదు. ఫ్రిజ్ చప్పుడు చేసి ఆగింది. తర్వాత అరచేతిలో తడి తగిలింది. చల్లగా, చిన్నగా. ఆమె వేళ్ళు మూసింది.

ఆరున్నరకి షాలేం రాజు తలుపు తీసుకుని వచ్చేసరికి ఇల్లంతా చీకటి. పొయ్యి వెలగలేదు, చేపలు సంచిలోనే ఉన్నాయి. వంటగదిలో భార్య ఒక పక్కకి ఒరిగి, ఎడం చెయ్యి కిందికి వేలాడేసుకుని నిలబడి ఉంది. చేతికింద నేల మీద నీళ్ళు మెరుస్తున్నాయి.

"ఏంటి పర్సీ, చీకట్లో? చెయ్యెందుకలా పెట్టుకున్నావ్?" ఆయన స్విచ్ వైపు వెళ్ళాడు.

"లైటెయ్యకండి," అంది పర్సిస్. "వాడు నా చేతిలోనే ఉన్నాడండీ. ఆ రోజు కూడా నా చేతిలోనే ఉన్నాడు."